ఎరువుల అమ్మకాలు తగ్గినా నదిలో నైట్రేట్ ఎందుకు పెరుగుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ నది నుంచి పదిహేనేళ్ళుగా నెలకోసారి తీసిన నమూనాల లెక్కలు మీ సంఘం దగ్గర ఉన్నాయి. ఈ కాలంలో పరీవాహక ప్రాంతంలో ఎరువుల అమ్మకాలు తగ్గాయి. మధ్యలో పట్టణానికి కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రం వచ్చింది. భాస్వరం దాదాపు సగానికి పడిపోయింది, నీటిలో కరిగే నత్రజని రూపమైన నైట్రేట్ మాత్రం మెల్లగా పెరుగుతూనే ఉంది. సమావేశాల్లో రైతులు పట్టణాన్ని, పట్టణవాసులు రైతులను వేలెత్తి చూపుతున్నారు. తప్పు ఎవరిది, గ్రాఫులోని నైట్రేట్ గీత ఎప్పుడు కిందికి వంగుతుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. భాస్వరం తగ్గడానికి ప్రధాన కారణం శుద్ధి కేంద్రమే అయ్యుండాలి. నైట్రేట్ పెరగడానికి ప్రధాన కారణం నేలలోనూ భూగర్భజలంలోనూ ఏళ్ళ తరబడి పేరుకున్న పాత నత్రజని అయ్యుండాలి. అదే శుద్ధి కేంద్రం ఆ పెరుగుదలకు కొంత తోడై ఉండే అవకాశమూ ఉంది. ఈ చివరి మాట సమావేశంలో చెబితే పట్టణవాసులకు నచ్చదు, కానీ చెప్పక తప్పదు. ఇక మీరు పెట్టిన గ్రాఫులో నది ప్రవాహం లెక్క ఎక్కడా లేదు. అది లేకుండా ఏ పక్షానికీ తీర్పు చెప్పకూడదు.

నా ఉద్యోగ జీవితమంతా నదుల నీటి నాణ్యత లెక్కలతోనే గడిచింది. సరిగ్గా ఇలాంటి తగాదాలు చాలా చూశాను. ఇరుపక్షాలూ నిజాయతీగానే మాట్లాడతాయి, ఇరుపక్షాల దగ్గరా సగం నిజమే ఉంటుంది.

మొదట నత్రజనిని, భాస్వరాన్ని విడదీయండి. ‘పోషక కాలుష్యం’ అని రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది. రెండూ నదికి చేరే దారులు వేరు. నైట్రేట్ నీటిలో పూర్తిగా కరుగుతుంది, మట్టిరేణువులు దాన్ని పట్టి ఉంచలేవు. వాన పడితే వేళ్ళ కిందికి జారి భూగర్భజలంలో కలుస్తుంది, అక్కడి నుంచి ఊటలుగా నదిలోకి వస్తుంది. భాస్వరం తద్విరుద్ధం. మట్టికి, ముఖ్యంగా ఇనుము, అల్యూమినియం ఉన్న రేణువులకు గట్టిగా అంటుకుంటుంది. పొలం నుంచి బయటపడాలంటే చాలాసార్లు మట్టితోపాటే కొట్టుకుపోవాలి. అందుకే పొలాల భాస్వరం ఎక్కువగా గట్టి వానలప్పుడు కదులుతుంది. పట్టణపు మురుగులోని భాస్వరానికి వానతో పని లేదు, రోజూ గొట్టంలోంచి వస్తూనే ఉంటుంది. ఆ గొట్టం దగ్గర ఇనుము లవణాలో పటికో కలిపి దాన్ని అడుగుకు దింపేస్తే ఫలితం కొద్ది నెలల్లోనే నదిలో కనబడుతుంది.

ఐరోపాలో జరిగిందీ ఇదే. రైన్ నదిలో 1970లు, 80ల తర్వాత భాస్వరం, అమ్మోనియా బాగా తగ్గాయి. సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్ తగ్గించడం, మురుగు శుద్ధి మెరుగుపడడం అందుకు ముఖ్య కారణాలు. నైట్రేట్ కూడా తగ్గింది గానీ ఆలస్యంగా, తక్కువగా తగ్గింది. మురుగునీటి మీద, పొలాల నైట్రేట్ మీద ఐరోపా సమాజం రెండు వేర్వేరు ఆదేశాలు తెచ్చింది, రెండూ 1991లోనే. మురుగు విషయంలో ఫలితం త్వరగా వచ్చింది. నైట్రేట్ విషయంలో నేటికీ వాదోపవాదాలు నడుస్తున్నాయి. గొట్టాన్ని కట్టడి చేయడం ఒక ఇంజినీరు పని. వేలాది పొలాల కింద ఉన్న నీటిని మార్చడం ఒక తరం పని.

ఇక మీ గ్రాఫులో అసలు చిక్కు నీటి వయసు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రజలు అత్యంత తక్కువగా నమ్మేది ఇదే.

ఈ రోజు మీ నదిలో వేసవి ప్రవాహంగా కనబడుతున్న నీరు చాలావరకు ఈ ఏడాది వాన కాదు. లోతు తక్కువ ఉన్న ఇసుక నేలల్లో అది కొన్నేళ్ళ నాటిది కావచ్చు, మందపాటి రాతి పొరల కింద దశాబ్దాల నాటిది కావచ్చు. సుద్దరాయి పొరల్లో, భూగర్భజలమట్టానికి పైన ఉన్న భాగంలో, నీరు కిందికి దిగే వేగం స్థూలంగా ఏడాదికి ఒక మీటరు. ఆ లెక్కన నీటిమట్టం 30 మీటర్ల లోతున ఉంటే, పొలం మీద నేడు జరిగిన మార్పు ఆ మట్టాన్ని తాకడానికే ఒక తరం పడుతుంది. నేను పనిచేసిన ఒక పరీవాహక ప్రాంతంలో ఊటల నీటి వయసును ట్రిటియంతో, అంటే నీటిలో ఉండే రేడియోధార్మిక హైడ్రోజన్‌తో, అంచనా కట్టించాం. ఆ నీరు భూమిలోకి ఇంకిన నాటికి అక్కడి యువరైతుల్లో చాలామంది ఇంకా పుట్టనే లేదు. ఆ నైట్రేట్‌కు వాళ్ళను నిందించడం ఎంత అన్యాయమో ఆ ఒక్క ఫలితంతో అందరికీ అర్థమైంది.

థేమ్స్ నదికి 1868 నుంచీ నైట్రేట్ లెక్కలున్నాయి. ప్రపంచంలో ఇంత పొడవైన రికార్డు అరుదు. అందులో మొదటి పెద్ద పెరుగుదల 1940లలో కనబడుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆహారం కోసం తరతరాల పచ్చికబయళ్ళను దున్నేశారు. గడ్డి వేళ్ళలోనూ నేలలోనూ నిలవున్న సేంద్రియ నత్రజని గాలి తగిలి నైట్రేట్‌గా మారి బయటపడింది. రసాయనిక ఎరువుల విస్తారమైన వాడకం ఆ తర్వాత మాట. అంటే నైట్రేట్ పెరగడానికి ఎరువు బస్తాయే అక్కరలేదు, భూమి వినియోగం మారినా చాలు. మీ ప్రాంతంలో గత ముప్ఫై నలభై ఏళ్ళలో గడ్డినేలలో అడవులో సాగులోకి వచ్చాయేమో చూడండి.

దీనికి ఎదురు ఉదాహరణ లాత్వియా. సోవియట్ వ్యవస్థ కూలిన తర్వాత అక్కడ ఎరువుల వాడకం ఒక్కసారిగా పాతాళానికి పడిపోయింది. ఇలాంటి ప్రయోగం ఎవరూ కావాలని చేయలేరు. నదుల్లో నైట్రేట్ వెంటనే పడిపోతుందని అందరూ ఎదురుచూశారు. చాలా నదుల్లో ఏళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. నేల తన పాత నిలవను నెమ్మదిగా వదులుతూనే ఉంది.

కనుక అమ్మకాలు తగ్గాయి కదా అన్న రైతుల మాట నిజమే అయినా, దాని ఫలితం నదిలో ఇంకా కనబడకపోవచ్చు. అయితే రైతులకూ ఒక మాట చెప్పాలి. అమ్మిన ఎరువు లెక్క సరిపోదు, మిగులు లెక్క కావాలి. పొలానికి చేరిన మొత్తం నత్రజనిలోంచి పంట తీసుకెళ్ళినది తీసివేస్తే మిగిలేదే నదికి ముప్పు. పశువుల ఎరువు, పప్పుజాతి పంటలు నేలలో చేర్చే నత్రజని, గాలి నుంచి పడేది, ఇవేవీ అమ్మకాల పుస్తకంలో ఉండవు. ప్రపంచం మొత్తం మీద పంటపొలాలకు చేరే నత్రజనిలో సుమారు సగమే పంటకు అందుతోందని అంచనా. బయటి నుంచి దాణా తెచ్చి పశువులను పెంచే చోట ఎరువుల బస్తాలు తగ్గినా పేడ రూపంలో మిగులు పెరుగుతూ ఉండవచ్చు.

ఇప్పుడు శుద్ధి కేంద్రం సంగతి. మీ దగ్గర అమ్మోనియా లెక్కలు ఉన్నాయా? నా మొదటి అనుమానం అక్కడే. శుద్ధి చేయని మురుగులో నత్రజని ఎక్కువగా అమ్మోనియాగా, సేంద్రియ రూపంలో ఉంటుంది. శుద్ధి కేంద్రంలో గాలి పట్టించినప్పుడు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తాయి. చేపలకు ఇది గొప్ప మేలు, ఎందుకంటే అమ్మోనియా వాటికి విషం. కానీ ఆ నైట్రేట్‌ను తిరిగి నత్రజని వాయువుగా మార్చే గాలి లేని తొట్టెల దశ ఆ కేంద్రంలో లేకపోతే నదికి చేరే మొత్తం నత్రజని పెద్దగా తగ్గదు, పేరు మాత్రమే మారుతుంది. ఇంకొకటి కూడా జరుగుతుంది. నది శుభ్రపడి ఆక్సిజన్ పెరిగాక, అడుగు బురదలో ఆక్సిజన్ లేక ఇదివరకు నత్రజని వాయువుగా మారి గాలిలోకి పోతూ వచ్చిన నైట్రేట్‌లో కొంత ఇప్పుడు నీటిలోనే మిగిలిపోతుంది.

ఒక నదిలో నేను దీన్ని స్పష్టంగా చూశాను. కేంద్రం ప్రారంభమైన ఏడాదే దిగువన నైట్రేట్ మెట్టులా పైకి లేచింది. కేంద్రం పనిచేయడం లేదంటూ ఆందోళన మొదలైంది. అమ్మోనియా, నైట్రేట్ రెండింటినీ నత్రజని లెక్కలోకి మార్చి కలిపితే మొత్తం దాదాపు సమతలంగా ఉంది. ఎగువ నమూనాల్లో ఏ మెట్టూ లేదు. కాబట్టి మీ గ్రాఫులో పెరుగుదల ఏటవాలుగా ఉందా, కేంద్రం వచ్చిన ఏడాది మెట్టులా ఉందా అని మొదట చూడండి. ఏటవాలైతే భూగర్భజలం వైపు, మెట్టయితే గొట్టం వైపు చూడాలి.

తర్వాత ప్రవాహం. గాఢత, అంటే లీటరులో ఎన్ని మిల్లీగ్రాములన్నది, ప్రవాహంతో పాటు మారుతుంది. మీ పదిహేనేళ్ళలో మొదటి సగం వానలు తక్కువగా, రెండో సగం ఎక్కువగా ఉంటే నైట్రేట్ గీత వేరే ఏ కారణమూ లేకుండానే పైకి వెళ్లవచ్చు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 2012లో తీవ్రమైన కరువు వచ్చింది. పంట ఎదగలేదు, వేసిన నత్రజని నేలలోనే మిగిలిపోయింది. 2013 వసంతంలో భారీ వానలు పడ్డాయి. డె మోయిన్ నగరానికి తాగునీరిచ్చే రాకూన్ నదిలో నైట్రేట్, నత్రజని లెక్కన, లీటరుకు 24 మిల్లీగ్రాములకు చేరింది. అక్కడి తాగునీటి పరిమితి 10. ఆ ఒక్క ఏడాదిలో రైతుల అలవాట్లేమీ మారలేదు. మారినది వాన వరుస. వాతావరణం కరువు నుంచి వరదకు ఇలా ఊగిసలాడే కొద్దీ ఇటువంటి హఠాత్ పెరుగుదలలు ఎక్కువవుతాయి, అది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

ప్రవాహం ప్రభావాన్ని తీసివేయడానికి నమ్మదగిన పద్ధతులున్నాయి. అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన రాబర్ట్ హిర్ష్, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పద్ధతి వాటిలో ప్రసిద్ధం. ప్రతి నమూనాకూ కాలం, ప్రవాహం, ఋతువు అనే మూడు కోణాల్లో దగ్గరగా ఉన్న నమూనాలకు ఎక్కువ విలువ ఇచ్చి, సాధారణ ప్రవాహం ఉండి ఉంటే గాఢత ఎంత ఉండేదో అది అంచనా కడుతుంది. అందుకు ఉచిత సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. అయితే దాన్ని 200కు పైబడిన నమూనాలను, రెండు దశాబ్దాల రికార్డును దృష్టిలో ఉంచుకుని రూపొందించారు. మీ దగ్గర ఒక్కో చోట 180 వరకు ఉంటాయి. ఫలితాన్ని కాస్త ఆచితూచి చదవండి. అంత శ్రమ వద్దనుకుంటే ఒకే నెల నమూనాలను ఏళ్ళవారీగా పోల్చే సీజనల్ కెండాల్ పరీక్ష చేయండి, అది 1982 నుంచీ వాడుకలో ఉంది. దానికి ముందు గాఢతలోంచి ప్రవాహం వల్ల వచ్చే భాగాన్ని తీసివేయడం మరచిపోవద్దు.

మురుగా, పొలమా అని తేల్చడానికి నేను మొదట గీసేది ఇదే: అడ్డంగా ప్రవాహం, నిలువుగా గాఢత. ప్రవాహం పెరిగే కొద్దీ గాఢత తగ్గితే ఎడతెగకుండా వచ్చే గొట్టం ఉందని అర్థం, వాన దాన్ని పలుచన చేస్తోంది. ప్రవాహంతో పాటు గాఢత పెరిగితే పొలాల నుంచి, ఒడ్డుల నుంచి కొట్టుకొస్తోందని అర్థం. నైట్రేట్‌లో చాలాసార్లు మిశ్రమ రూపం కనబడుతుంది. వానాకాలం మొదట్లో పెరిగి, పెద్ద వరదలో పలుచబడుతుంది. ఎండాకాలం చివర, వానలే లేనప్పుడు కూడా పట్టణానికి ఎగువన నైట్రేట్ ఎక్కువగా ఉంటే అది భూగర్భజలమే. ఆ ఒక్క ఋతువు గాఢతను ఏళ్ళవారీగా గీస్తే పాత బాకీ పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది.

ఇంకా సందేహముంటే నైట్రేట్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పరీక్ష చేయించవచ్చు. రసాయనిక ఎరువును పేడ లేదా మురుగు నుంచి వేరు చేయడానికి అది పనికొస్తుంది, కానీ పేడను మురుగు నుంచి వేరు చేయడంలో తడబడుతుంది. ఆ పని కొన్ని కృత్రిమ తీపి పదార్థాలు బాగా చేస్తాయి. అవి మనిషి శరీరంలోంచి, శుద్ధి కేంద్రంలోంచి కూడా చాలావరకు చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి, ఆవులు వాటిని తాగవు.

భాస్వరం సగానికి తగ్గిందని మీ సంఘం సంబరపడుతున్నట్లుంది. సంబరపడండి, అది నిజమైన విజయం. కానీ ఈరీ సరస్సు కథ విన్నాక ఆ లెక్కల మీద నిఘా వదలరు. 1960లలో ఆ సరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని మురుగు శుద్ధి మీద, సబ్బు పొడుల మీద పట్టు బిగించాయి. ఏడాదికి 11,000 టన్నుల భాస్వరానికి మించకూడదన్న లక్ష్యాన్ని 1980లలో అందుకున్నాయి, సరస్సు కోలుకుంది. 1990ల మధ్య నుంచి నాచు మళ్ళీ విజృంభించింది. 2014 ఆగస్టులో ఆ సరస్సు నీటినే తాగే టొలీడో నగరంలో 4 లక్షలకు పైగా జనం కుళాయి నీటిని తాగలేకపోయారు, నీటిలో నాచు వదిలిన విషం ఉంది. ఆ వింతను విప్పి చూస్తే, ఆ సరస్సులో కలిసే మామీ నది మోసుకొచ్చే మొత్తం భాస్వరం అంతగా పెరగలేదు. అందులో కరిగిన భాగం పెరిగింది. మట్టి కోతను ఆపడానికి దున్నకుండా విత్తే సాగు ప్రోత్సహించారు. ఆ మంచి పని వల్ల మట్టి నిలిచింది, కానీ పైన చల్లిన ఎరువు నేల పైపొరలోనే పేరుకుంది. నేల కింద నీరు తీసే గొట్టాలు, పెరిగిన భారీ వానలు దాన్ని కరిగించి నేరుగా నదికి చేర్చాయి. కరిగిన భాస్వరాన్ని నాచు అక్కడికక్కడే తాగేస్తుంది. కాబట్టి మీ ప్రయోగశాల వడగట్టిన నీటిలో కొలుస్తోందా, వడగట్టనిదాన్ని కొలుస్తోందా అని అడగండి. రెండూ కావాలి.

నెలకోసారి నమూనా అన్నదానిలోనూ ఒక ఇబ్బంది ఉంది. ఏడాది భాస్వరంలో పెద్ద భాగం కొద్ది రోజుల వరదల్లోనే పోతుంది. ముందే నిర్ణయించిన తేదీల్లో నమూనా తీసేవారికి ఆ రోజులు దాదాపు ఎప్పుడూ దొరకవు. మీరు చూపిన సగం తగ్గుదల మామూలు రోజులకు నిజం. వరదలను కలిపితే ఎంతో ఎవరూ కొలవలేదు. ఏడాదికి నాలుగైదు వరదల్లోనైనా, ప్రవాహం పెరిగేటప్పుడూ తగ్గేటప్పుడూ, నమూనాలు తీయండి.

కొన్ని చిన్న ఉచ్చులను త్వరగా చెబుతాను. నైట్రేట్‌ను నైట్రేట్‌గా రాశారో నత్రజనిగా రాశారో చూడండి, రెండింటి మధ్య తేడా 4.43 రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే 50 మిల్లీగ్రాములు నైట్రేట్ లెక్క, పైన చెప్పిన 10 నత్రజని లెక్క. మధ్యలో ప్రయోగశాల మారితే ఆ తేదీని గ్రాఫు మీద గీత గీసి గుర్తుపెట్టండి. ఎగువన ఆనకట్ట ఉంటే అది ఒండ్రుతో పాటు భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది, జలాశయం పూడిపోయాక వదలడం మొదలుపెడుతుంది. అమెరికాలోని సస్క్వెహానా నది మీద కానొవింగో ఆనకట్ట దగ్గర అదే జరుగుతోంది.

భాస్వరం తగ్గింది కదా, నైట్రేట్‌తో పనేమిటని మీ సంఘంలో ఎవరో అన్నారని రాశారు. మంచినీటి చెరువులు, సరస్సుల్లో నాచును నడిపేది ఎక్కువగా భాస్వరమే, నిజమే. సరస్సుల శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో కెనడాలో ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా విడదీసి కళ్ళకు కట్టినట్టు చూపించింది. రెండు వైపులా కార్బన్, నత్రజని కలిపారు, ఒక వైపు మాత్రమే భాస్వరం కూడా కలిపారు. ఆ వైపే పచ్చబడింది. కానీ మీ నది సరస్సులో ఆగదు, సముద్రానికి పోతుంది. తీర సముద్రంలో చాలాచోట్ల నత్రజనే పగ్గం పట్టుకుంటుంది. మిసిసిపీ నది నత్రజని ప్రధాన కారణంగా మెక్సికో సింధుశాఖలో ప్రతి వేసవిలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే ప్రాంతం ఏర్పడుతుంది. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది, కొలతలు మొదలైన 1985 నుంచీ అదే అత్యధికం. దాన్ని 5,000కు దించాలన్న లక్ష్యాన్ని మొదట 2015కు పెట్టుకుని, తర్వాత 2035కు జరిపారు. ఎగువన ఉన్నవాళ్ళు మనకేమని అనుకుంటే దిగువన బతికే మత్స్యకారుడికి వలలో చేపలుండవు.

చివరిగా, గీత ఎప్పుడు వంగుతుంది? వంగుతుంది. డెన్మార్క్ 1987లో మొదలుపెట్టి మురుగు మీదా, పశువుల ఎరువు మీదా వరుసగా కట్టుబాట్లు పెట్టింది. సముద్రానికి పోయే నత్రజనిని దాదాపు సగానికి తగ్గించింది. కానీ అన్నిచోట్లా ఒకేసారి రాదు. లోతు తక్కువ భూగర్భజలమున్న చిన్న వాగుల్లో కొన్నేళ్ళలో మార్పు తెలుస్తుంది. ప్రధాన నదిలో దశాబ్దం, అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. అందుకే మీరు ప్రధాన నది వంతెన దగ్గర ఒక్కచోటే కొలిస్తే నిరాశే మిగులుతుంది. ఎరువు తగ్గించిన రైతుల పొలాల మధ్య పారే రెండు మూడు వాగుల్లో ఇప్పుడే నమూనాలు మొదలుపెట్టండి. వాళ్ళ శ్రమ మొదట కనబడేది అక్కడే, దాన్ని వాళ్ళకు చూపించాల్సిన బాధ్యత మీ సంఘానిది.

అమ్మోనియా లెక్కలు, దగ్గరి కొలత కేంద్రంలోని రోజువారీ ప్రవాహం, శుద్ధి కేంద్రం మొదలైన నెల, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. మెట్టా, ఏటవాలా అన్నది నేను గీసి చూసి చెబుతాను.